మట్టి లేని పలక, పూయని మెరుగు: ప్రాచీన ఈజిప్టు ఫయాన్స్ పలకను చేసుకోవడం ఎలా

కైరో నగరానికి దక్షిణాన ఉన్న సక్కారాలో క్రీ.పూ. 27వ శతాబ్దంలో జోసెర్ రాజు కోసం ఆరు మెట్ల పిరమిడ్‌ను కట్టారు. దాని అడుగున, నేల లోపల తొలిచిన గదుల్లో కొన్నింటి గోడలను నీలాకుపచ్చ ఫయాన్స్ పలకలతో కప్పారు. అదే ఆవరణలో దక్షిణపు గోడను ఆనుకొని మరొక భూగర్భ సమాధి ఉంది. అక్కడ కూడా ఇవే పలకలు కనిపిస్తాయి. రెండు చోట్లా కలిపి వాటి సంఖ్య 36,000కు పైమాటేనని లెక్కగట్టారు. ఒక్కొక్కటి సుమారు 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉండే ఈ పలకలు విడిగా చూస్తే సాదా బిళ్లలే గాని, వరుసలుగా పేర్చి చూస్తే అవి రాజభవనంలో వేలాడదీసిన రెల్లు చాపలు. తుంగచాపలో మనం చూసే నిలువు పుల్లల వరుసలను పలకలతోనూ, ఆ పుల్లలను పట్టి ఉంచే అడ్డకట్లను పలకల వరుసల మధ్య చెక్కిన సున్నపురాతి పట్టీలతోనూ అక్కడి పనివారు చూపించారు.

ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతి ప్రకారం మీరు అటువంటి పలకలు 12 చేసి, వాటిని చిన్న చాపలాగా గోడకు అమర్చుకోవచ్చు. చేయి కుదిరిన తరువాత అఖెనాతెన్ అనే రాజు కాలపు పూల పలక ఒకటి చేయవచ్చు. కుండలు, పింగాణీ పని తెలిసినవారికి ఈ పని తేలిక అనిపిస్తుంది గాని, నిజానికి వారికే మొదట్లో ఎక్కువ ఇబ్బంది కలుగుతుంది. బంకమట్టితో అలవాటైన చేతులు ఇక్కడ రెండు మూడు అలవాట్లను మరచిపోవలసి ఉంటుంది.

ముందుగా అర్థం చేసుకోవలసినది

ఫయాన్స్ అనే పేరు ఇటలీలోని ఫాయెంజా పట్టణం నుంచి వచ్చింది. ఆ పట్టణంలో తయారైన తగరపు గ్లేజు (గాజులాంటి మెరుగు పూత) ఉన్న మట్టిపాత్రలకు చెల్లవలసిన పేరును యూరోపియన్లు చూడ్డానికి అలాగే ఉన్నాయని ఈజిప్టు వస్తువులకూ తగిలించారు. ప్రాచీన ఈజిప్షియన్లు దీనిని చెహెనెత్ అన్నారు. మిలమిల మెరిసేది అని దాని అర్థం. ఈ పదార్థంలో బంకమట్టి దాదాపు ఉండదు. మెత్తగా నూరిన పలుగురాయి లేదా ఇసుక నూటికి 90 పాళ్లకు పైగా ఉంటే, మిగిలినది కొద్దిపాటి సున్నం, సోడా, రంగు కోసం రాగి.

పైనున్న మెరుగును కుంచెతో పూయకుండానే తెప్పించే ఉపాయం ఇందులోని ప్రధానమైన విశేషం. చౌడు నేలను చూసినవారికి ఆ ఉపాయం వెంటనే అర్థమవుతుంది. నేల లోపల నీటిలో కరిగిన ఉప్పులు ఎండకాలంలో నీటి వెంట పైకి వచ్చి, నీరు ఆవిరైపోగా తెల్లటి పొరగా నేలమీద మిగిలిపోతాయి. ఒకప్పుడు చాకలివారు బట్టలు ఉతకడానికి పోగుచేసుకున్న చౌడు అదే. ఫయాన్స్ పలక ఆరేటప్పుడు కూడా ముద్దలో కలిపిన సోడా నీటితోపాటు పైకి వచ్చి, పలక ముఖం మీద చౌడులాగా పొంగి తెల్లని పెళుసు పొరగా నిలుస్తుంది. బట్టీలో పెట్టినప్పుడు ఆ సోడా, పక్కనే ఉన్న పలుగురాయి రేణువులను కరిగించి గాజుగా మారుతుంది, అందులోకి దిగిన రాగి దానికి నీలిరంగునిస్తుంది. కాబట్టి ఈ పనిలో గాజుపొర మందం, అది ఉండే చోటు, లేకపోయే చోటు అన్నీ బట్టీలోకి వెళ్లకముందే, ఆరబెట్టే బల్లమీదే నిర్ణయమైపోతాయి.

ఈజిప్షియన్లకు మరి రెండు పద్ధతులు కూడా తెలుసు. ఒకటి, పలుగురాయి, సోడా, సున్నం కలిపిన జావను వస్తువు మీద పూయడం. రెండవది, ఆరిన వస్తువును సోడా, సున్నం, రాగి కలిపిన పొడిలో పూర్తిగా కప్పెట్టి కాల్చడం. ఇరాన్‌లోని ఖొమ్ పట్టణంలో గాడిదల మెడలో కట్టే నీలి పూసలను 20వ శతాబ్దంలో కూడా ఈ రెండవ విధంగానే తయారుచేసేవారు. అక్కడ చూసి రాసిన వివరాలు 1968లో వెలువడ్డాకే పురాతత్త్వవేత్తలకు ఆ పద్ధతి బాగా అర్థమైంది. పలకలకు మాత్రం చౌడు పొంగించే పద్ధతే అనువైనది గనుక ఇక్కడ దానినే అనుసరిద్దాం.

సరుకులు సమకూర్చుకోవడం

12 పలకలకు, మూడు నాలుగు పరీక్ష బిళ్లలకు కలిపి ఒక కిలో పొడి మిశ్రమం సరిపోతుంది. అందులో సన్నని పలుగురాయి పొడి 600 గ్రాములు, సన్న ఉప్పంత పరిమాణంలో ఉండే తెల్లని పలుగు ఇసుక 260 గ్రాములు, వంటసోడా 50 గ్రాములు, సోడా యాష్ 30 గ్రాములు, సున్నపురాయి పొడి 40 గ్రాములు, బెంటొనైట్ 20 గ్రాములు ఉండాలి. వీటికి అదనంగా కాపర్ కార్బొనేట్ 30 గ్రాములు కలపాలి. అది దొరకకపోతే నల్లని కాపర్ ఆక్సైడ్ 20 గ్రాములు చాలు. ఈ కొలతలను ఆరంభానికి మాత్రమే ప్రమాణంగా తీసుకోండి. మీకు దొరికే పలుగుపొడి ఎంత సన్నగా ఉందో, మీ బట్టీ వేడి ఎంత నిలకడగా ఉంటుందో దానిని బట్టి సోడాను ఒకటి రెండు పాళ్లు అటూ ఇటూ మార్చుకోవలసి రావచ్చు.

ప్రతి సరుకు గురించీ ఒక మాట చెప్పాలి. కొండల మీద తెల్లగా మెరుస్తూ కనిపించే పలుగురాయినే పింగాణీ, గాజు పరిశ్రమల కోసం పొడి చేసి అమ్ముతారు. ఇంట్లో రోలులో దంచే ప్రయత్నం దయచేసి చేయకండి, దాని కారణం కింద చెబుతాను. మొత్తం సన్నపొడే వాడితే ముద్ద జారిపోతుంది, మొత్తం ఇసుకే వాడితే కాలిన పలక అంచులు రాలిపోతాయి, అందువల్ల రెండూ కలపడం మంచిది. ఎర్రగా, పసుపుగా ఉన్న ఇసుకలో ఇనుము ఉంటుంది గనుక నీలం కాస్తా ఆకుపచ్చగా మారుతుంది. సోడా యాష్ బదులు స్ఫటికాలుగా ఉండే చాకలి సోడా వాడదలిస్తే, దాని బరువులో సగానికి పైగా నీరే ఉంటుందన్న సంగతి మరువకూడదు. వంటసోడా అంటే బేకింగ్ పౌడర్ కాదు. ఈజిప్షియన్లకు ఈ రెండు సోడాలూ కలిసి ప్రకృతిలోనే దొరికేవి. నైలు నది డెల్టాకు పడమరన వాదీ ఎల్ నత్రూన్ అనే లోయలోని సరస్సులు ఎండినప్పుడు మిగిలే నేట్రాన్ అనే పదార్థంలో ముఖ్యంగా ఉండేవి ఇవే. శవాలను మమ్మీలుగా ఆరబెట్టడానికి వాడినది కూడా ఆ నేట్రానే. కొన్ని కాలాల్లో మొక్కల బూడిదనుంచి కూడా సోడాను తీసుకున్నారు.

బెంటొనైట్ ఒక రకం బంకమట్టే. ప్రాచీనుల ముద్దకు మరింత దగ్గరగా ఉండాలనుకునేవారు దానిని మానేసి, 10 గ్రాముల తుమ్మబంకను నీటిలో నానబెట్టి వాడుకోవచ్చు. నైలు ఒడ్డున పెరిగే తుమ్మ, మన చెరువు గట్ల మీది నల్లతుమ్మ ఒకే జాతివి. అయితే మొదటిసారి చేసేవారు బెంటొనైట్‌ను ఊతంగా ఉంచుకోవడమే నయం.

రాగి విషయంలో పొలాల్లో వాడే మైలుతుత్తాన్ని ప్రత్యామ్నాయంగా వాడవద్దు. అది నీటిలో పూర్తిగా కరిగి చర్మానికి హాని చేస్తుంది, కాల్చినప్పుడు గంధకపు పొగలు వదులుతుంది. ఈజిప్టు పనివారు మలకైట్ వంటి రాగి ఖనిజాన్ని, రాగి, కంచు వస్తువుల తుప్పును రంగుకోసం వాడుకున్నారు. మీరు కొనే కాపర్ కార్బొనేట్, ఇత్తడి, రాగి పాత్రల మీద పట్టే పచ్చని చిలుము, రెండూ దాదాపు ఒకే కోవకు చెందినవి.

ఇక జాగ్రత్తల గురించి ఒక్క విషయంలో రాజీ పడకూడదు. పలుగురాయి ధూళిని పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. పొడులు తూచేటప్పుడు, కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. సోడా చేతులను కొరుకుతుంది, రాగి విషపూరితం, కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఈ పనికి వాడిన గిన్నెలు, గరిటెలు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ముద్ద కలపడం

పొడులన్నింటినీ మూత ఉన్న డబ్బాలో వేసి, మూత బిగించి, బాగా కుదిపి కలపండి. ధూళి అణిగిన తరువాత మూత తీసి, గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా చేర్చండి. 100 గ్రాముల పొడికి సుమారు 20 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. అయితే చివరి రెండు మూడు మిల్లీలీటర్లను మాత్రం చేతి అంచనా మీదనే పోయాలి. గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, విరిస్తే తేమ ఇంకిన ఇసుకలా విరగాలి. చపాతీ పిండిలాగా సాగాలని ఎదురుచూస్తే నీరు ఎక్కువై పని చెడుతుంది.

ఈ ముద్దకు ఒక వింత స్వభావం ఉంది. ఊరకే ఉంచితే గట్టిగా ఉంటుంది, పిసికేకొద్దీ మెత్తబడి జారిపోతుంది, వదిలేస్తే మళ్లీ గట్టిపడుతుంది. కుమ్మరి సారె మీద దీనిని పైకి లేపడం అందుకే కష్టం; ఈజిప్టు ఫయాన్స్ పనిలో అచ్చులకు అంత ప్రాధాన్యం ఉండడానికి ఇదొక కారణం. కలిపిన ముద్దను తడిగుడ్డ కప్పి అరగంట ఉంచి, ఆ తరువాత ఎక్కువ పిసకకుండా వాడుకోవాలి. రాత్రంతా దాచిపెట్టవద్దు, గిన్నె అంచుల వెంట సోడా పొంగి, ముద్దలో దాని పాళ్లు తప్పుతాయి.

పలకకు రూపమివ్వడం

జోసెర్ పలక ముందువైపు చదునుగా ఉండదు. రెల్లు కాడను గుర్తుచేసేలా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. వెనుకవైపు చదునుగా ఉండి, మధ్యలో పొడుచుకువచ్చిన ఒక చిన్న దిమ్మ, ఆ దిమ్మ గుండా అడ్డంగా ఒక రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రంలో తాడు దూర్చి, పలకను గచ్చులో కూర్చి గోడకు బిగించేవారు. ఈ దిమ్మ లేకపోతే మీరు చేసేది మామూలు స్నానాలగది టైలే అవుతుంది, కాబట్టి కొంచెం శ్రమ అనిపించినా దానిని వదలవద్దు.

6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు లోతు ఉన్న అచ్చును చెక్కతో చేసి, దాని అడుగును లోపలికి కొద్దిగా గుంటగా చెక్కించండి. లేదా మామూలు మట్టితో అచ్చు చేసి కాల్చుకోండి. ఈజిప్షియన్లు వాడినవి కాల్చిన మట్టి అచ్చులే, అవి అఖెనాతెన్ రాజధాని అమర్నాలోనూ, డెల్టాలోని కంతీర్‌లోనూ వేలకొద్దీ బయటపడ్డాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు మాత్రం వాడకండి. అది నీటిని గబగబా పీల్చి, నీటితోపాటు సోడాను కూడా తనలోకి లాగేసుకుంటుంది, పలకకు మెరుగు మిగలదు.

అచ్చులో పలుచని తడిగుడ్డ పరిచి, ముద్దను మూలలనుంచి మధ్యకు వేళ్లతో గట్టిగా నొక్కుతూ నింపండి. పైభాగాన్ని చెక్కబద్దతో చదును చేయండి. ఆ తడి ఆరకముందే వెనుక మధ్యలో 2 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు, ముప్పావు సెంటీమీటరు ఎత్తు గల దిమ్మను అతికి, అతుకు దగ్గర గీతలు గీసి నీటితో తడిపి నొక్కి, దాని గుండా అల్లికసూదితో రంధ్రం పొడవండి. దిమ్మ పక్కన పుల్లతో మీకు నచ్చిన గుర్తు ఒకటి గీసుకోవచ్చు. సక్కారా పలకల్లో కొన్నింటి వెనుక కూడా అటువంటి గుర్తులు ఉన్నాయి. వరుస సంఖ్య గీసుకుంటే తరువాత ఏ పలక ఎలా ఆరిందో పోల్చుకోవడానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడు పలకను ఎక్కడికి మార్చాలన్నది ముందుగానే ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఆరిన తరువాత దానిని ముట్టుకోకూడదు. నా సలహా ఇది: బట్టీలో వాడే పలుచని రాతి అరను తెచ్చి, దానికి గ్లేజు అంటుకోకుండా వేసే పూత వేసి, దానిమీద రెండు బట్టీ పట్టీలను 3 సెంటీమీటర్ల ఎడంతో పెట్టండి. అచ్చులోని పలకను గుడ్డతో సహా పైకెత్తి, ముఖం పైకి వచ్చేలా, దిమ్మ పట్టీల మధ్య వేలాడేలా వాటిమీద ఉంచి గుడ్డను మెల్లగా ఒలవండి. ఆ అరను అలాగే ఆరబెట్టి, అలాగే బట్టీలోకి ఎత్తవచ్చు, పలకను ఒక్కసారి కూడా ముట్టనక్కర లేదు. ఈ ఏర్పాటు కుదరకపోతే పలకను కిందినుంచి అట్లకాడతో ఎత్తి మార్చవచ్చు గాని, 12లో రెండు మూడు పాడవుతాయని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

ఆరబెట్టడం

మట్టిపని చేసేవారు పలక పగలకూడదని ప్లాస్టిక్ కాగితం కప్పి నిదానంగా ఆరబెడతారు. ఇక్కడ ఆ అలవాటే ముప్పు తెస్తుంది. గాలి ఆడకపోతే నీరు పైకి రాదు, నీరు రాకపోతే సోడా రాదు, సోడా లోపలే ఉండిపోతే కాలిన పలక రంగు వెలసిన ఇటుకముక్కలాగా ఉంటుంది. మట్టి పాలు ఇంత తక్కువగా ఉన్న ముద్ద ఆరినప్పుడు పెద్దగా కుంచించుకుపోదు గనుక పగుళ్ల భయం కూడా తక్కువే. కాబట్టి పలకను మూయకుండా, గాలి వచ్చే గదిలో, నీడన ఉంచాలి.

అయితే గాలి ఒకే పక్కనుంచి బలంగా వీచకూడదు. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెడితే గాలి తగిలే అంచు మీద సోడా మందంగా పేరుకొని, అవతలి అంచు బోసిగా మిగులుతుంది. కాల్చాక ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాయలసీమ వేసవిలో 1 సెంటీమీటరు మందం ఉన్న పలక ఒక రోజులో ఆరిపోతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో, అందులోనూ వర్షాకాలంలో, మూడు నాలుగు రోజులు పట్టవచ్చు, పొంగిన సోడా తిరిగి చెమర్చి కరగవచ్చు కూడా. అటువంటప్పుడు పలక ఉన్న చిన్న గదిలో పెద్ద బల్బు వెలిగించి ఉంచడం మేలు.

మొదటి కొన్ని గంటల్లో పలక రంగు పేలవమవుతుంది. ఆ తరువాత అంచుల మీద, మూలల మీద తెల్లని నూగు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి రెండు మూడు వైపులనుంచి తగులుతుంది. ఆ నూగు క్రమంగా ఉబ్బిన ముఖమంతా పరచుకొని, రాగి వల్ల లేత నీలపు ఛాయ గల పెళుసు పొరగా మారుతుంది. ఈ పొర మీద వేలు పెడితే ఆ వేలిముద్ర బట్టీలో కాలి శాశ్వతంగా బోసి మచ్చగా మిగిలిపోతుంది. గుంటల్లో పొర పలుచగా, గట్ల మీద మందంగా ఉంటుంది. పలక పట్టీల మీద ఆని ఉన్న చోట గాలి ఆడదు గనుక పొర ఏర్పడదు, అక్కడ మెరుగు రాదు; అది మనకు అవసరమే, లేకపోతే పలక బట్టీ అరకు అతుక్కుపోతుంది. మ్యూజియంలో ఫయాన్స్ వస్తువును చూసినప్పుడు అడుగు బోసిగా ఉండి, అంచుల దగ్గర మెరుగు దట్టంగా ఉంటే, అది వేల ఏళ్ల కిందట ఏ వైపు ఆని ఆరిందో మీరు చెప్పగలుగుతారు. కుంచెతో పూసిన వాటిమీదనైతే కారిన జాడలు, మందమైన చుక్కలు కనిపిస్తాయి.

పూర్తిగా ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పలకను పక్కన ఉంచుకొని రోజుకు రెండుసార్లు తూచండి. బరువు తగ్గడం ఆగిపోతే పని పూర్తయినట్టే.

కాల్చడం

దీనికి విద్యుత్ బట్టీయే తగినది. సంప్రదాయ కుమ్మరి ఆవంలో వేడిని నిలకడగా పట్టి ఉంచడం కష్టం, పైగా పొగలో గాలి చాలక రాగి నీలాన్ని కోల్పోయి ఎర్రగానో, మసిబారినట్టో మారవచ్చు. సోడా ఆవిరి బట్టీ గోడలను, తీగలను తినేస్తుంది గనుక పలకలున్న అరను మూత గల కాల్చిన మట్టి పెట్టెలో పెట్టి కాల్చండి, గది కిటికీలు తెరిచి ఉంచండి. పచ్చిగా ఒకసారి, గ్లేజుతో ఒకసారి అని రెండు కాల్పులు ఇందులో ఉండవు, ఒక్కటే కాల్పు.

మొదట గంటకు 100 డిగ్రీల చొప్పున 600 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచండి. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం రూపం మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. నూటికి 86 పాళ్లు పలుగురాయే ఉన్న పలకకు ఆ గండం మామూలు కుండకంటే ఎక్కువ. ఆ తరువాత గంటకు 150 డిగ్రీల చొప్పున 930 డిగ్రీల వరకు పోయి, అక్కడ అరగంట నిలపండి. ప్రాచీన పలకలను 800 నుంచి 1,000 డిగ్రీల మధ్య కాల్చారని పరిశోధకుల అంచనా. చల్లారేటప్పుడు కూడా 573 డిగ్రీల గండం ఉంటుంది, కాబట్టి బట్టీని దానంతట అది చల్లారనివ్వండి. 100 డిగ్రీల కంటే తగ్గేవరకు తలుపు తీయకండి.

మొదటి విడతలో పరీక్ష బిళ్లలను మాత్రమే కాల్చి, ఫలితాన్ని చూశాకే 12 పలకలను పెట్టాలి. మెరుగు లేకుండా గరుకుగా ఉంటే వేడి చాలలేదు, లేదా సోడా పైకి రాలేదు. ఆరినప్పుడు పొర బాగానే కనిపించిందంటే లోపం వేడిదే, 20 డిగ్రీలు పెంచి చూడండి. గాజు కారి అరకు అతుక్కుంటే వేడినో సోడానో తగ్గించాలి. నల్లని లోహపు మచ్చలు రాగి ఎక్కువైందని చెబుతాయి. ముఖం మెరుస్తున్నా అంచు గోటితో గీరితే రాలిపోతుంటే ఇసుక పాలు తగ్గించి సన్నపొడి పెంచాలి. గాజులో వెంట్రుకవాసి పగుళ్లు కనిపించడం మాత్రం లోపం కాదు. సోడా ఎక్కువగా ఉన్న గాజు చల్లారేటప్పుడు బాగా కుంచించుకుపోవడం వల్ల అవి వస్తాయి, అసలు పలకల మీద కూడా అవి కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక అవసరం. మీ పలక ఫొటోల్లోని జోసెర్ పలకల కంటే గాఢమైన నీలంగా వస్తే తప్పు చేశామని అనుకోకండి. వేల ఏళ్లు నేల చెమ్మ తగిలి అసలు పలకల గాజుపొర చాలాచోట్ల పాడై, పాలిపోయి, పచ్చబారింది. కొత్తగా ఉన్నప్పుడు అవి ఎంత కాంతిగా ఉండేవో మీ చేతిలోని పలకే దగ్గరగా చూపిస్తుంది.

చేయి కుదిరాక: అమర్నా పూల పలక

జోసెర్ తరువాత దాదాపు 1,300 ఏళ్లకు, క్రీ.పూ. 14వ శతాబ్దంలో, అఖెనాతెన్ అనే రాజు ఇప్పుడు అమర్నా అని పిలిచే చోట కొత్త రాజధాని కట్టాడు. ఆ నగరపు కట్టడాల అలంకరణలో నీటి మొక్కలు, చేపలు, పూలు గల పలకలు వాడారు; 1891-92లో అక్కడ తవ్విన ఫ్లిండర్స్ పెట్రీకి వాటి ముక్కలు, అచ్చులు విస్తారంగా దొరికాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆకుపచ్చ నేల మీద తెల్లని డైసీ పూలు పొదిగిన పలక. అప్పటికి ఈజిప్టు పనివారి చేతిలో రాగి నీలంతోపాటు కోబాల్టు ముదురు నీలం, మాంగనీసు ఊదా, ఇనుపరాయి ఎరుపు, సీసం, ఆంటిమొనీ కలిసిన పసుపు కూడా ఉన్నాయి.

దీనిని చేయడానికి 10 సెంటీమీటర్ల చదరపు పలకను, దిమ్మ లేకుండా, ముద్దలో నూటికి అర పాలు ఐరన్ ఆక్సైడ్ చేర్చి పచ్చని ఛాయ వచ్చేలా తయారుచేయండి. అది తడిగా ఉండగానే ముఖం మీద 2 సెంటీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల లోతు గల గుండ్రని గుంటలు మూడో నాలుగో నొక్కండి. రాగి కలపని తెల్లని ముద్దతో, రేకులు చెక్కిన చిన్న మట్టి అచ్చులో, ఆ గుంటల కంటే ఒక మిల్లీమీటరు చిన్నవిగా పూలను వేరుగా అచ్చుపోయండి. నడిమి పసుపు బొడ్డుకు ప్రాచీనులు వాడిన సీసం పసుపు విషం గనుక, సీసం లేని పింగాణీ పసుపు రంగును తెల్లముద్దలో కలిపి చిన్న గోళీగా అతకండి. పూలను, పలకను విడివిడిగా ఆరబెట్టి విడివిడిగానే కాల్చి, తరువాత పలుచని ప్లాస్టర్‌తో గుంటల్లో కూర్చండి. కలిపి కాల్చితే పని ఒక్కసారిలో అయిపోతుందని అనిపిస్తుంది గాని, సోడాతోపాటు రాగి కూడా కొంత ప్రయాణిస్తుంది, కరిగినప్పుడు నేలరంగు రేకుల్లోకి పాకి తెలుపు మురికిపడుతుంది.

క్రీ.పూ. 12వ శతాబ్దంలో మూడవ రామ్‌సెస్ రాజు దక్షిణ ఈజిప్టులోని మెదీనెత్ హాబూలో ఉన్న తన భవనానికి చేయించిన పలకల మీద నూబియా, సిరియా, లిబియా మొదలైన దేశాల బందీలు చేతులు కట్టివేసి, వారి వారి చిత్రవర్ణపు దుస్తుల్లో నిలబడి ఉంటారు. ఫయాన్స్ పలకల్లో అంతకు మించిన పనితనం అరుదు. వాటిని చూసి ఉత్సాహపడి వెంటనే మొదలుపెట్టవద్దని నా మనవి. ఒక్కొక్క దుస్తుల చారకు ఒక్కొక్క రంగు ముద్ద, ప్రతి ముద్దకు వేరు సోడా పాళ్లు, వేరు పరీక్షలు కావాలి.

చాపగా అమర్చడం

12 పలకలను వరుసకు 6 చొప్పున రెండు వరుసలుగా, పొడవు నిలువుగా ఉండేలా పేర్చండి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి చెక్కపలకను తీసుకొని, ఒక్కొక్క పలక దిమ్మ కూర్చునేంత గుంటలను తొలిచి, గుంటకు రెండు పక్కలా తాడు దూరేందుకు చెక్క వెనుక వరకు రంధ్రాలు వేయండి. జనపనార పురికొసను ఒక రంధ్రం గుండా ముందుకు తెచ్చి, దిమ్మ రంధ్రంలో దూర్చి, రెండవ రంధ్రం గుండా వెనక్కి లాగండి. పలక వెనుక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పెట్టి అదిమిన తరువాత తాడును వెనుక ముడివేయండి. ప్లాస్టర్ వాడవద్దన్నది అచ్చు విషయంలోనే. కాలిన పలకకు దానితో చిక్కు లేదు. పలకల పక్క అంచులు ఒకదానికొకటి దాదాపు తగిలేలా ఉండాలి గాని, రెండు వరుసల మధ్య ఒక సెంటీమీటరు ఎడం వదిలి, దానిని పలకల ఎత్తుకు సమంగా ప్లాస్టర్‌తో నింపి నున్నగా చేయండి. చాపకు అడ్డకట్టు అదే. ఎలా ఉండాలో చూసుకోవడానికి సక్కారాలోని ఇమ్‌హోతెప్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టిన పలకల గోడ ఫొటోలు మంచి నమూనా.

పూర్తయిన ఫలకాన్ని కిటికీకి ఎదురుగా వేలాడదీస్తే పలకలన్నీ కలిసి ఒక్క నీలి బల్లలాగా కనిపిస్తాయి. కిటికీ పక్క గోడకు, వెలుతురు ఏటవాలుగా పడే చోట వేలాడదీయండి. అప్పుడు ప్రతి పలక ఉబ్బు మీద ఒక సన్నని వెలుగుగీత నిలువునా పడి, పక్క పలకతో కలిసే చోట నీడ నిలుస్తుంది, పన్నెండు బిళ్లలు పక్కపక్కన కట్టిన పన్నెండు రెల్లు కాడల్లాగా విడివిడిగా తేలుతాయి.